దోమ ఆహారపు అలవాట్లు – మన డ్యూటీ వేళలు

(సమాఖ్య ఆరోగ్య ఉపసంఘం పక్షాన ప్రతినిధుల సదస్సులో చేసిన ఉపన్యాస పాఠం)



వేతనాలు, ఖాళీల భర్తీ, పింఛను వంటి సమస్యలు చర్చకు వున్న ఈ సదస్సులో దోమను గురించి ఉపన్యాసమేమిటని కొందరు మిత్రులు నిన్న నవ్వుతూ అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానంగా ఒక సంఘటన చెప్పి విషయంలోకి ప్రవేశిస్తాము.

మన సభ్యుడైన ఒక లోకో పైలట్ కొండప్రాంతపు సెక్షనులో బండి నడిపి, అక్కడి రన్నింగ్ రూములో రెండు రాత్రులు విశ్రమించి ఇల్లు చేరాడు. ఆ గది కిటికీకి జాలీ లేదు. ఇచ్చిన దోమతెరకు చిరుగులు. ఇల్లు చేరిన పన్నెండవనాడు ఆయనకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమని నాలుగు రోజులు బిళ్లలు ఇచ్చారు. ఐదవనాడు స్పృహ తప్పింది. అప్పటికి గాని రక్తపరీక్ష జరగలేదు. అది మెదడుకు ఎక్కిన మలేరియా. మనిషి దక్కలేదు. కుటుంబం తరఫున అర్జీ పెడితే, జ్వరం ఇంటివద్ద వచ్చింది గనుక డ్యూటీతో సంబంధం లేదని జవాబు వచ్చింది.

ఈ జవాబు సరైనదా, కాదా? దీనిని తేల్చడానికి ఆవేశం చాలదు. దోమ ఎవరిని కుడుతుంది, ఎప్పుడు కుడుతుంది, ఎక్కడ కుడుతుంది అన్న మూడు ప్రశ్నలకు శాస్త్రం చెప్పిన సమాధానాలు మనకు తెలియాలి. అవి తెలిసినప్పుడు, దోమల సమస్య పారిశుధ్య సమస్య మాత్రమే కాదనీ, పని పరిస్థితుల సమస్య కూడాననీ స్పష్టమవుతుంది.

ఈ వ్యాధి చరిత్రలో మన రెండు శాఖలకూ పాత్ర వున్నది. 1892లో బెంగాల్‌లో తపాలా కార్యాలయాల ద్వారా కొయినా పొట్లాలను కానీ ధరకు అమ్మే పద్ధతి మొదలయింది. నాడు పల్లె ప్రజలకు మలేరియా మందు అందించినవాడు పోస్టుమాస్టరు. మరొక వైపున, రైలుకట్టలు వేసేటప్పుడు మట్టికోసం తవ్వి వదలిన గుంతలలో నీరు నిలిచి దోమలు పెరిగాయి. కట్టలు నీటి పారుదలకు అడ్డుపడి మలేరియాను పెంచాయని బెంగాల్ ప్రజారోగ్య శాఖ డైరెక్టరుగా పనిచేసిన సి.ఎ. బెంట్లీ 1925లోనే తన గ్రంథంలో వాదించారు. బెంగాల్ నాగపూర్ రైల్వే తనకంటూ ఒక మలేరియా శాస్త్రజ్ఞుణ్ణి నియమించుకున్నది. ఆయన పేరు రొనాల్డ్ సీనియర్-వైట్. 1930 దశకంలో విశాఖపట్నం పరిసరాలలోనూ జయపురం కొండలలోనూ మలేరియాను ఏ దోమ మోస్తున్నదో ఆయన పరిశోధించారు.

సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కథ మనందరికీ తెలిసినదే. అయితే ఆ కథలో ఒక అంశాన్ని తరచు విస్మరిస్తాము. రాస్ రెండేళ్లపాటు వందలాది దోమలను కోసి చూశాడు. వాటిలో మలేరియా క్రిమి ఎదుగుదల కనిపించలేదు. కారణం, అవి ఆ క్రిమిని మోయగల జాతి దోమలు కావు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలు గల వేరొక రకం దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున చెల్లించి, ఆ దోమలకు అతని రక్తం పట్టించాడు. ఆగస్టు 20న వాటిలో ఒకదాని జీర్ణకోశపు గోడలో క్రిమి కనిపించింది. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. దోమలన్నీ ఒకటి కావన్నదే ఆ రెండేళ్ల శ్రమ నేర్పిన పాఠం.

మొదట మూల విషయాలు చెప్పుకుందాం. మగదోమ రక్తం తాగదు. పూలలోని తీపిరసాలతో బతుకుతుంది. ఆడదోమ కూడా శక్తికోసం తీపిరసాలే తాగుతుంది గాని, గుడ్లు తయారు కావడానికి రక్తంలోని మాంసకృత్తులు కావాలి. రక్తం తాగడం, రెండు మూడు రోజులు నీడలో విశ్రమించి గుడ్లు పక్వం చేసుకోవడం, నీటిలో గుడ్లు పెట్టడం, మళ్లీ రక్తంకోసం బయలుదేరడం – ఇదీ దాని జీవితచక్రం.

మలేరియా క్రిమి దోమ పొట్టలోకి చేరిన వెంటనే మరొకరికి సోకదు. దోమ శరీరంలో పెరిగి లాలాజల గ్రంథులకు చేరడానికి, మన వాతావరణంలో, సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంటే వ్యాధి వ్యాపించాలంటే ఒకే దోమ కనీసం రెండుసార్లు మనిషిని కుట్టాలి. మొదటిసారి రోగిని కుట్టి క్రిమిని తీసుకోవాలి. ఆ తరువాత చావకుండా బతికివుండి, ఆరోగ్యవంతుణ్ణి కుట్టి క్రిమిని ఇవ్వాలి. నడుమ అది పశువును కుడితే ఆ కాటు మలేరియా లెక్కలో వృథా.

ఇక్కడ ఒక చిన్న లెక్క వున్నది. సార్టింగు బల్లముందు కూర్చునే మిత్రులకు లెక్కలు కొత్త కావు. ఒక జాతి దోమ పది భోజనాలలో తొమ్మిది మనిషినుంచే తీసుకుంటుందనుకుందాం. ఎంచి చూసిన రెండు భోజనాలూ మనుషులవే అయ్యే అవకాశం నూటికి 81. వేరొక జాతి దోమ పదింట ఒక్క భోజనమే మనిషినుంచి తీసుకుంటుందనుకుందాం. రెండూ మనుషులవే అయ్యే అవకాశం నూటికి 1. మనిషిపై మక్కువ తొమ్మిదో వంతుకు తగ్గితే వ్యాప్తి 81వ వంతుకు తగ్గింది. రాస్ ప్రారంభించిన ఈ గణితాన్ని 1950 దశకంలో జార్జి మెక్డొనాల్డ్ అభివృద్ధి పరచారు. దోమల సంఖ్యకన్న, అవి ఎవరిని కుడుతున్నాయి, ఎన్నాళ్లు బతుకుతున్నాయి అన్నవే ఎక్కువ ముఖ్యమని ఈ లెక్క చెబుతున్నది.

మన దేశపు ఉదాహరణలు చూడండి. మైదాన గ్రామాలలో మలేరియాకు ప్రధాన వాహకం అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ అనే దోమ. దీనికి పశువుల రక్తమే ఇష్టం. పశువుల కొట్టాలలో విశ్రమిస్తుంది. అటువంటి దోమ ప్రధాన వాహకం ఎలా అయింది? సంఖ్యాబలం వల్ల. వర్షాల తరువాత గుంతలలో, కాలువలలో విపరీతంగా పెరిగినప్పుడు, వాటిలో కొద్ది భాగం మనిషిని కుట్టినా అది పెద్ద సంఖ్యే అవుతుంది. కొండప్రాంతాలలోని సెలయేళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ పరిస్థితి వేరు. దానిలోని ఒక ఉపజాతి మనిషి రక్తాన్నే కోరుతుంది. అందుచేత దోమలు కొద్దిగా వున్నా మలేరియా ఉధృతంగా వుంటుంది. “మా గదిలో దోమలు పెద్దగా లేవండీ” అని కొండ సెక్షనులో ఎవరైనా ధైర్యం చెబితే ఆ మాటను నమ్మరాదు.

మనిషి తన జీవనవిధానం మార్చుకున్నప్పుడు దోమ కూడా ఆహారం మార్చుకుంటుంది. దక్షిణ అమెరికాలో నాడు బ్రిటిష్ గయానాగా పిలువబడిన దేశంలో ఇది జరిగింది. మన దేశంనుంచి చెరకు తోటలకు కూలీలుగా తరలించబడిన కుటుంబాల సంతతి పెద్దసంఖ్యలో నివసించే దేశమది. అక్కడ మనిషిని కుట్టే ప్రధాన వాహక జాతిని డి.డి.టి. చల్లి నిర్మూలించారు. మలేరియా పోయింది. పశువులను కుట్టే మరొక జాతి మిగిలింది. దానివల్ల ప్రమాదం లేదనుకున్నారు. కాలక్రమాన పశువులు మేసే భూములు వరిపొలాలయ్యాయి. ఎడ్ల స్థానంలో యంత్రాలు, మోటారు వాహనాలు వచ్చాయి. పశువులు తగ్గి, మనుషులు పెరిగేసరికి ఆ దోమ మనుషులవైపు తిరిగింది. పదిహేనేళ్లపాటు మలేరియా లేని డెమరారా నదీముఖ ప్రాంతంలో 1960 దశకారంభంలో జ్వరాలు మళ్లీ తలెత్తాయి. ఈ విషయాన్ని జి. జిగ్లియోలి అనే వైద్యుడు 1963లో నమోదు చేశారు. మన గ్రామాలలోనూ కాడెద్దుల స్థానంలో ట్రాక్టర్లు వచ్చిన నేటి కాలంలో ఇది ఆలోచించదగిన పాఠం.

అలాగని ఇంటిముందు గొడ్డును కట్టివేస్తే మలేరియా రాదని ఎవరూ భావించరాదు. పశువు కొన్ని దోమలను తనవైపు తిప్పుకుంటుంది, నిజమే. కాని పుష్కలంగా రక్తం దొరికినచోట దోమలు ఎక్కువగా చేరి, ఎక్కువకాలం బతికి, ఎక్కువ గుడ్లు పెడతాయి. కొట్టం ఇంటికి ఆనుకొని వుంటే మేలుకన్న కీడే జరగవచ్చు.

మెదడువాపు వ్యాధిలో ఈ సంబంధం ఇంకా ప్రమాదకరమైనది. జపనీస్ మెదడువాపును మోసే క్యూలెక్స్ దోమలు వరిపొలాలలో పెరుగుతాయి. వాటి ఆహారం ప్రధానంగా పశువులు, పందులు, కొంగలవంటి నీటిపక్షులు. పశువుల శరీరంలో ఈ వైరస్ దోమకు తిరిగి సోకేటంతగా వృద్ధి కాదు. పందులలో, కొంగలలో విస్తారంగా వృద్ధి అవుతుంది. మనిషిని ఈ దోమ తటస్థపడినప్పుడు మాత్రమే కుడుతుంది. మనిషినుంచి ఆ వైరస్ మరొక దోమకు సోకదు. ఆ విధంగా మనిషి ఈ వ్యాధికి దారి మధ్యలో దొరికిన బాధితుడు. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఈ వ్యాధి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో అత్యధికులు పేదల పిల్లలు. ఆ మరుసటి సంవత్సరంనుంచి టీకా కార్యక్రమం మొదలయింది. పందుల పెంపకం ఇళ్ల నడుమ కాక ఊరికి దూరంగా వుండాలని వైద్యులు చెప్పేది ఎవరి వృత్తినీ కించపరచడానికి కాదు, దోమ ఆహారపు దారిని తప్పించడానికే.

రెండవ ప్రశ్న: ఎప్పుడు కుడుతుంది?

బోదవ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరిగి, రాత్రివేళ, ముఖ్యంగా అర్ధరాత్రికి ఇటూ అటూ కుడుతుంది. ప్రకృతిలోని విచిత్రమేమంటే, రోగి శరీరంలోని బోదవ్యాధి సూక్ష్మక్రిములు పగలంతా ఊపిరితిత్తులలోని రక్తనాళాలలో దాగి, దోమ కుట్టే రాత్రివేళకే చర్మపు రక్తంలోకి వస్తాయి. అందుకే బోదవ్యాధి పరీక్షకు రాత్రి వచ్చి రక్తం తీసేవారు. ఈ క్రిమి దోమలో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ కనుగొన్నారు. కొద్ది సంవత్సరాలకే లండనులో స్టీఫెన్ మెకెంజీ అనే వైద్యుడు ఒక రోగిని పగలు నిద్రపోయి రాత్రి మేలుకునేటట్లు చేసి చూశారు. కొద్ది రోజులకు క్రిములు కూడా వేళ మార్చుకొని పగలు రక్తంలోకి రాసాగాయి.

రాత్రి డ్యూటీ చేసే ఆర్.ఎం.ఎస్. సోదరులకు, కేబిన్ సిబ్బందికి ఈ ప్రయోగం ఆసక్తి కలిగించక మానదు. నెలల తరబడి రాత్రి డ్యూటీలో వుండేవారి రక్తం తీసేటప్పుడు వారి నిద్రవేళలను కూడా అడిగి రాసుకోవాలని వైద్యాధికారులకు మేము సూచిస్తున్నాము. బోదవ్యాధి క్రిమి దోమలో సంఖ్య పెంచుకోదు గనుక ఒకటి రెండు కాట్లతో ఆ వ్యాధి స్థిరపడడం అరుదు. నెలలు, ఏళ్లు కుట్టించుకోవాలి. కనుక బోదవ్యాధి మురుగుకాలువ పక్కన క్వార్టర్లలో ఏళ్ల తరబడి కాపురముండేవారి సమస్య.

డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరాలను మోసే ఈడిస్ ఈజిప్టై దోమ ఇందుకు పూర్తిగా భిన్నం. నల్లని ఒంటిపై తెల్లని చారలు కలిగిన ఈ దోమ పగలు కుడుతుంది. ఉదయం ఎండ ఎక్కేముందు, సాయంకాలం పొద్దుగూకేముందు దీని జోరు ఎక్కువ. మనిషి రక్తమంటే దీనికి మిక్కిలి ఇష్టం. మరొక దురలవాటు కూడా వున్నది. ఒక మనిషిపై వాలి, కొద్దిగా తాగి, కదలికకు బెదిరి లేచి, పక్కవానిపై వాలుతుంది. ఒక పూట భోజనాన్ని ముగ్గురు నలుగురి వద్ద పూర్తి చేస్తుంది. వైరస్ మోస్తున్న దోమ ఒక్కటి వున్నా గది మొత్తానికి జ్వరం తెచ్చేది ఈ అలవాటే.

ఒక తపాలా కార్యాలయంలో ఒకే గదిలో పనిచేసే ఐదుగురిలో నలుగురికి రెండు వారాలలో డెంగ్యూ వచ్చింది. ఒక సోదరి పది రోజులు ఆసుపత్రిలో వుండి బయటపడింది. పురపాలక సిబ్బంది వచ్చి రాత్రి ఏడు గంటలకు వీధిలో పొగ వదిలి వెళ్లారు. ఆ వేళకు ఈ దోమ గదిలో బీరువా వెనుక, బల్ల కింద చీకటిలో విశ్రాంతి తీసుకుంటూ వుంటుంది. వీధిలోని పొగ దానికి ఎంతవరకు తగులుతుంది? మా ఉపసంఘ సభ్యులు వెళ్లి చూడగా, కిటికీ దగ్గరి కూలరు తొట్టిలోను, పెరటిలో మూతలేని డ్రమ్ములోను పిల్లపురుగులు కనిపించాయి. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. సాధారణంగా పుట్టినచోటికి వంద, రెండువందల మీటర్లలోపే తిరుగుతుంది. మనలను కుట్టిన దోమ మన ఆవరణలోనే పుట్టివుంటుందని అనుమానించాలి. దాని గుడ్లు నీరు ఎండిపోయినా నెలలపాటు బతికివుండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుచేత నీరు పారబోయడం చాలదు, తొట్టి గోడలను గీసి కడగాలి. గుడ్డునుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనుక వారానికి ఒకరోజు ఈ పని చేస్తే గొలుసు తెగుతుంది.

మూడవ ప్రశ్న: ఎక్కడ కుడుతుంది?

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమయినప్పుడు దాని ఆధారం దోమ అలవాటే. రక్తం తాగిన దోమ బరువుతో ఇంటి గోడపై వాలుతుంది. గోడకు డి.డి.టి. పూస్తే అక్కడే చస్తుంది, రెండవ కాటు జరగదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్ల కేసులు, ఎనిమిది లక్షల మరణాలు వుండేవని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. కాని 1976లో మళ్లీ 64 లక్షలకు పెరిగాయి. దోమ మందుకు అలవాటుపడింది. నిధులు, సిబ్బంది, శ్రద్ధ తగ్గాయి. పట్టణాలలో ఓవర్‌హెడ్ ట్యాంకులలో, బావులలో పెరిగే అనాఫిలిస్ స్టీఫెన్సీ విజృంభించింది. ఇదే దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీ చేరి, అక్కడి నగరాలకు నేడు కొత్త బెడదగా మారింది. మన దేశంలో ప్రభుత్వ లెక్కల ప్రకారం 2015లో 11 లక్షల 69 వేలున్న మలేరియా కేసులు 2023లో 2 లక్షల 27 వేలకు తగ్గాయి. ఇది హర్షించదగినది. అయితే విజయం చూసి చేతులు ముడుచుకుంటే ఏమవుతుందో 1976 చెప్పింది.

గోడమందు ఇంట్లో వాలే దోమకే పనిచేస్తుంది. దోమతెర నిద్రపోయేవానికే రక్షణ. మరి రాత్రివేళ పట్టాల వెంట లాంతరుతో గస్తీ తిరిగే ట్రాక్‌మన్ సంగతి ఏమిటి? లెవెల్ క్రాసింగ్ గుమ్టీలో కూర్చునే గేట్‌మన్ సంగతి ఏమిటి? వేకువజామున ప్లాట్‌ఫారం మీద తపాలా సంచులు దింపుకునే ఉద్యోగి, ఏజెన్సీ గూడేలకు ఉత్తరాలు మోసే గ్రామీణ డాక్ సేవక్ సంగతి ఏమిటి? దోమ తన వేళకు వస్తుంది. ఆ వేళకు మనలను అక్కడ నిలబెట్టేది డ్యూటీ చార్టు. ఇంట్లో వున్నవాడు తెర దించుకోగలడు, డ్యూటీలో వున్నవాడు దించుకోలేడు.

ఇప్పుడు ఆ లోకో పైలట్ కుటుంబానికి వచ్చిన జవాబును మరల పరిశీలించండి. మెదడుకు ఎక్కే రకపు మలేరియాలో దోమ కుట్టిన తరువాత జ్వరం రావడానికి మామూలుగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పన్నెండవనాడు ఇంటివద్ద వచ్చిన జ్వరానికి పన్నెండు రోజుల వెనుకటి కాటును వెతకాలి. ఆ రాత్రి ఆయన ఎక్కడ నిద్రించాడో రన్నింగ్ రూము రిజిస్టరులోనే వున్నది. జ్వరం బయటపడిన చోటు వేరు, సోకిన చోటు వేరు. దానిని గుర్తించకుండా ఇచ్చిన జవాబు శాస్త్రానికీ న్యాయానికీ విరుద్ధం.

కనుక ఈ సదస్సు ముందు మేము కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాము. మలేరియా ప్రాంతపు సెక్షన్లలోని రన్నింగ్ రూములకు, గుమ్టీలకు, విశ్రాంతి గదులకు జాలీలు బిగించి, మందు పట్టించిన దోమతెరలు సరఫరా చేయాలి. రాత్రి ఆరుబయట పనిచేసేవారికి నిండుచేతుల దుస్తులు, ఒంటికి రాసుకునే దోమల మందు పనిముట్లతోపాటు ఇవ్వాలి. జ్వరంతో వచ్చిన ప్రతి ఉద్యోగినీ గత రెండు వారాలలో ఎక్కడెక్కడ డ్యూటీ చేశాడో అడిగి, అదే రోజున రక్తపరీక్ష చేయాలి. డ్యూటీ ప్రాంతంలో సోకినట్లు రిజిస్టర్ల ద్వారా తేలిన జ్వరాన్ని డ్యూటీలో కలిగిన వ్యాధిగా పరిగణించాలి. కాలనీలలో ఓవర్‌హెడ్ ట్యాంకులకు బిగువైన మూతలు, మురుగుకాలువలకు మరమ్మతులు జరపాలి.

యాజమాన్యాన్ని కోరే మనకు కూడా బాధ్యత వున్నది. ప్రతి శాఖా సంఘం వారానికి ఒక రోజును నిర్ణయించి, తన ఆవరణలోని కూలర్లు, డ్రమ్ములు, పూలకుండీల కింద పళ్లాలు, పాత టైర్లు ఖాళీ చేసి కడిగించాలి. జ్వరం తగ్గిందని మలేరియా మందును సగంలో ఆపరాదు. క్రిమి రక్తంలో మిగిలివున్న ఉద్యోగి దోమకు మొదటి కాటును అందిస్తున్నాడు. దాని రెండవ కాటు పడేది పక్క మంచంమీది సహోద్యోగికే.

మిత్రులారా, ఆ రెండు కాట్ల నడుమ పది రోజులకు పైగా వ్యవధి వున్నది. ఆ వ్యవధిలో జాలీ బిగించవచ్చు, రక్తం పరీక్షించవచ్చు, మందు వేయవచ్చు, తొట్టి కడగవచ్చు. మన సభ్యుని విషయంలో వీటిలో ఏ ఒక్కటీ సకాలంలో జరగలేదు. ఆయన కుటుంబం అర్జీని ఉపసంఘం మరల దాఖలు చేస్తున్నది. ఆ అర్జీకి ఈ సదస్సు మద్దతు తీర్మానం చేయవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.